మెట్టు దిగిన బేరం

పూర్ణా మార్కెట్లో మా నాన్న సామాన్ల కొట్టుకి ఒకే ఒక్క మెట్టు ఉండేది. నల్లరాతి మెట్టు. మధ్యలో అరిగి గుంటపడిపోయింది. అది అరిగింది ఎక్కేవాళ్ళ వల్ల కాదు, దిగేవాళ్ళ వల్లేనని నాన్న అనేవాడు. ధర కుదరకపోతే కొనే మనిషి వస్తువు కింద పెట్టి, మొహం అటు తిప్పుకుని, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మెట్టు దిగాలి. ఆ కాలు రోడ్డు మీద ఆనకముందే కొట్టతను "ఓలమ్మా, ఇలగ్రా, ఇలగ్రా" అని పిలవాలి. ఆవిడ విననట్టు ఇంకాస్త నడవాలి. అతను మళ్ళీ పిలవాలి. అప్పుడు ఎవరి మీదో దయతలచినట్టు ఆవిడ వెనక్కి తిరగాలి. ఈ తంతు జరగకుండా మా కొట్లో గరిటె కూడా చేతులు మారేది కాదు.

ఇందులో ఇంకో కిటుకుంది. నిజంగా ఆ వస్తువు కావాలనుకున్న మనిషి మెట్టు దిగేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోయినట్టు కొట్లో వదిలేస్తుంది. సంచో, తాళంచెవో, గొడుగో. పిలిస్తే సరే. పిలవకపోతే దానికోసం వచ్చినట్టు వచ్చి, పరువు పోకుండా మళ్ళీ బేరం ఎత్తుకోవచ్చు. మా కొట్లో గొడుగులు మర్చిపోయిన ఆడవాళ్ళందరూ మతిమరుపు మనుషులు కారన్నమాట.

అలాంటి కొట్లో, తక్కెడ పక్కన కూచుని పెరిగినదాన్ని నేను. ఇప్పుడు గాజువాకలో నాకే ఒక స్టీలు సామాన్ల కొట్టుంది. కొనేటప్పుడు మెట్టు దిగడంలోనూ, అమ్మేటప్పుడు వెనక్కి పిలవడంలోనూ నాకు సాటి లేరని నా అభిప్రాయం. నాతో బజారుకి రావడమంటే ఎర్రటెండలో ఊరేగింపుకి వెళ్ళడమేనని మా ఆయన అభిప్రాయం. ఆయనది గోదావరి జిల్లా. పోర్టులో క్రేను నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అడిగినంతా ఇచ్చేసి, పైగా "ఆయ్, మంచిదండి" అని వచ్చేసే మనిషి. పెళ్ళికి ముందు మా కొట్లో ఓ పాలకేను కొని, చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి వెళ్ళిపోయారట. నాన్న రెండు రోజులు కంగారు పడ్డాడు. "ఆ కుర్రోడికి ఒంట్లో బాగోలేదేటి?" అని.

ఒంట్లో బాగోకపోవడానికి మా ఇళ్ళల్లో అదే గుర్తు మరి. నా జబ్బు కూడా అలాగే బయటపడింది.

అంతకుముందే మూత్రం ఎర్రగా కనపడింది. ముందురోజు బీట్‌రూట్ కూర వండాను కాబట్టి, నేరం దాని మీదకి తోసేశాను. కూర అరిగిపోయినా ఎరుపు పోలేదు. అప్పుడు వీధి చివర క్లినిక్కుకి వెళ్ళాను. అక్కడా కొట్టు బుద్ధే. అవతలివాడికి మన అవసరం ఎంతో తెలిస్తే ధర పెంచేస్తాడని చిన్నప్పటినుంచీ విన్న చెవులు కదా! రక్తం మాట ఎత్తకుండా "కాస్త మంటగా ఉంటోందండీ" అన్నాను. ఆయన మంటకి మాత్రలిచ్చాడు. ఎరుపు కూడా ఆగిపోయింది. సగం మాటకే పూర్తి వైద్యం కొట్టుకొచ్చానని నా సంబరం ఇంతా అంతా కాదు. కొన్నాళ్ళకి ఎరుపు మళ్ళీ వచ్చింది. ఈసారి చిన్న చిన్న గడ్డలతో వచ్చింది.

మా వీధికి పొద్దున్నే గంపతో చేపలు తెచ్చే ఆవిడుంది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వస్తుంది. నాకన్నా పెద్దది కాబట్టి అప్పా అని పిలుస్తాను. అక్కని మా వైపు అలాగే అంటాం. ఆవిడకీ నాకూ రోజూ యుద్ధం. ఆవిడ గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోతుంది, నేను గుమ్మం దాటి లోపలికి వచ్చేస్తాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పిలిచే దాకా ఆగి, విసుగెత్తి, ఒకేసారి పిలుచుకుంటాం. ఆ రోజు మాత్రం ఆవిడ చెప్పిన ధరకి తలూపి గిన్నె చాచాను.

ఆవిడ చేప గిన్నెలో వెయ్యలేదు. చేతిలోనే పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ఏటి సెల్లీ, ఈయేళ బేరం ఆడవా?"

"ఓపిక లేదప్పా. ఇచ్చీ."

"ఓపిక లేపోతే ఇంకా గట్టిగా ఆడాల గదా. నీరసంగున్నోళ్ళకే నోరెక్కువ. ఏటైందో సెప్పు, సెప్తేగాని సేప ఇవ్వను."

చెప్పాను. ఆవిడ గంప దింపేసి అరుగు మీద కూలబడింది.

"రకతవా? ఎన్నాళ్ళ బట్టి?"

"బీట్‌రూట్ అనుకున్నాను."

"నీ బీట్‌రూట్ మొకం మండా! నాకేటి తెల్దు గాని, రకతం మీద బేరాలేటే నీకు? బేగి ఎల్లి పెద్ద డాక్టర్ని సూడు. ఈ సేప నాను కోసి మీ ఆయనకిచ్చీసి ఎల్తాను, నువ్వు ఎల్లు ముందు!"

ఆ సాయంత్రమే స్కానింగుకి వెళ్ళాం. మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు. ఊరికి అటు పక్కన పెద్దాస్పత్రిలో సర్జన్ దగ్గరికి పంపించారు. ఆయన మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే కెమెరా పంపి, గడ్డని లోపల్నించి గీకి ముక్కలు పరీక్షకి పంపాడు. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. మా ఆయన ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ మడతపెట్టారు. నేను మాత్రం కొట్లో ఉన్నట్టే ఉన్నాను. తూకం మీద అనుమానం వస్తే కొట్టతనితో దెబ్బలాడకూడదు, పక్క కొట్టు కాటా మీద తూయించాలి, అంతే. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అది.

"ఆ ముక్కలు ఇంకో చోట కూడా చూపించుకుంటానండీ" అన్నాను డాక్టరుతో. కోప్పడతాడేమోనని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నేనే చెబుదామనుకుంటున్నానమ్మా. దాని తీరు మామూలుగా లేదు. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబుకి పంపిద్దాం" అన్నాడాయన.

అవతలివాడు అంత తేలిగ్గా ఒప్పుకుంటే బేరంలో రుచి ఉండదు. కొంచెం నిరాశ పడ్డాను కూడా. అయినా రెండో కాటా మీద ఎప్పుడూ బరువు తగ్గుతుందని నా నమ్మకం. మైనంలో అచ్చుపోసిన నా ముక్కలు ఊరు దాటి వెళ్ళాయి. జవాబు వచ్చింది. నా జీవితంలో మొదటిసారి, రెండో కాటా మీద బరువు పెరిగింది.

డాక్టరు తన గదిలో మమ్మల్ని కూచోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. దీన్ని చిన్న కణాల క్యాన్సర్ అంటారట. ఊపిరితిత్తుల్లో రావడం మామూలట, మూత్రాశయంలో చాలా అరుదట.

"అరుదైన సరుకంతా నా దగ్గరే దొరుకుతుందండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇది చాలా వేగంగా పాకే రకం. మొదటి రిపోర్టు ఒక్కటే చూసుంటే ముందు ఆపరేషన్ చేసేవాళ్ళం. ఇప్పుడు వరస మారుతుంది. కంటికి కనపడకుండా ఒంట్లో ఎక్కడైనా చేరి ఉండొచ్చు కాబట్టి ముందు కీమో ఇవ్వాలి. గడ్డ లొంగాక మూత్రాశయం మొత్తం తీసేయాలి. మూత్రం రావడానికి పొట్ట మీద దారి చేసి, పైన సంచి అంటిస్తాం. అది ఎప్పటికీ ఉంటుంది."

కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళనీ "సంచి తెచ్చుకున్నారా?" అని దబాయించే మనిషిని నేను. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ నవ్వు పోయింది. తక్కెడ ముందు బాసింపట్టు వేసుక్కూచునే నా కూర్చోడం, వంగి బిందెలు లాగే నా ఒడుపు, నలుగురి మధ్య నా నడక, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. చచ్చిపోతానన్న భయం తరవాత వచ్చింది. ముందు సంచి భయమే వచ్చింది. ఆ రెంటి మధ్యా నేను బేరం మొదలెట్టాను.

"సగం తీస్తే సరిపోదాండీ?"

"సరిపోదమ్మా."

"పోనీ ఆ కీమో మందే కాస్త ఎక్కువ పట్టించి, కోత లేకుండా సరిపెట్టండి."

"మీ గడ్డ ఉన్న చోటు మంచిది కాదు. కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూతి దగ్గర ఉంది. సరిపెట్టడం కుదరదు."

"పండగ వెళ్ళేదాకా ఆగితే?"

"ఇది పండగల కోసం ఆగే జబ్బు కాదు."

ఆఖరి అస్త్రం తీశాను. లేచాను. మొహం అటు తిప్పుకున్నాను. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకున్నాను. గొడుగు కుర్చీ పక్కనే వదిలేశాను. తలుపు తీసుకుని బయటికి నడిచాను.

ఆ ఆస్పత్రికి మెట్టు లేదు. చక్రాల కుర్చీల కోసం నున్నటి వాలు కట్టారు. ఎక్కడ ఆగాలో, ఏ కాలు ఎక్కడ ఆనేలోపు పిలుపు రావాలో తెలియక నేను ఆ వాలు మీద నత్తలా నడిచాను. వెనకనుంచి పిలుపొచ్చింది. గుండె గంతేసింది. ఎవరో నర్సు వేరే పేషెంటుని పిలుస్తోంది. నా వెనక వచ్చింది ఫైలు పట్టుకున్న మా ఆయన ఒక్కరే.

ఆటోలో ఆయన ఫైలు ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపయ్యాక "గొడుగేదే?" అన్నారు. "ఉండనీండి" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాటకి అర్థం ఆయనకి తెలుసు.

ఇంటికొచ్చి ఫోను పక్కన పెట్టుకుని కూచున్నాను. ఇవాళ కాకపోతే రేపు, అంత చదువుకున్న మనిషి, రోగి చెయ్యి జారిపోతోందని తెలిసి "అమ్మా, ఓ మాట, సంచి లేకుండా చూద్దాంలే" అనకపోతాడా? ఫోను మోగింది కూడా. అప్పిస్తామంటూ ఒకమ్మాయి. నేను ఆ పిల్లతో కూడా కాసేపు మాట్లాడాను, నోరు ఊరుకోక. ఆస్పత్రి నుంచి మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఆ మధ్యలో ఎరుపు మళ్ళీ కనపడింది, ఈసారి ముదురుగా. నేనెంత సాగదీస్తున్నానో లోపలున్నది అంత వేగంగా నడుస్తోంది.

ఓ రోజు భోజనం దగ్గర మా ఆయన కంచం వైపు చూస్తూ అన్నారు.

"ఏమే, మీ నాన్నగారు వెనక్కి పిలవని సరుకు ఒకటుండేదని చెప్పేదానివి కదా?"



ఉండేది. కంచు కంచాలు. తెలిసిన కంచరివాళ్ళు పోసి ఇచ్చేవి, గోటితో కొడితే గుడి గంటలా మోగేవి. వాటికి నాన్న ఒక్కటే ధర చెప్పేవాడు. మనిషి మెట్టు దిగితే పిలిచేవాడు కాదు, పేపరు చదువుకునేవాడు. చిన్నప్పుడు నేను ఆగలేక "ఎల్లిపోతన్నాది నాన్నా, పిలువు!" అని గుంజేదాన్ని. "తగ్గడానికి ఏటీ లేనప్పుడు పిలిస్తే మోసం చేసినట్టే గుంటా. పిలవలేదంటే అదే అసలు ధర" అనేవాడు. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చేవాళ్ళు. గొడుగు కోసం.

"ఆ డాక్టరు పిలవడే" అన్నారు మా ఆయన. "నాకు బేరం చాతకాదు కాబట్టి నాకు తెలుసు. ఆయన మొహం చూశాను. ఇంకో ధర ఆయన దగ్గర లేదు." అని, నీళ్ళు తాగి, గొంతు మార్చి, "నువ్వు లేకుండా ఆ కొట్టు నేనెలా నడపనే? నన్ను అమ్మేస్తారు" అన్నారు.

మర్నాడు వెళ్ళాను. దారిపొడుగునా వాన. దిగిన మెట్టు పిలవకుండా మళ్ళీ ఎక్కడం మా వాళ్ళల్లో చిన్న అవమానం కాదు. ఎలా మొదలెట్టాలో ఆటోలో పది రకాలుగా అనుకుని వెళ్ళాను. తలుపు తీసేసరికి నా గొడుగు డాక్టరు కుర్చీ వెనక కిటికీ ఊచకి వేలాడుతోంది.

"గొడుగు కోసం వచ్చారా?" అన్నాడాయన.

"అవునండీ" అన్నాను, తడిసిపోయిన కొంగు పిండుకుంటూ.

"వానలు మొదలయ్యాయి. ముందే వస్తారనుకున్నాను."

ఇద్దరం కాసేపు ఆ గొడుగు వైపు చూశాం.

"ఆ మందేదో అన్నారు కదా... ఎప్పుడు మొదలెడతారు?"

"రేపు చేరిపోండి. ఇదిగో, గొడుగు తీసుకెళ్ళండి."

"ఉండనీండి. రేపు వస్తాను కదా" అన్నాను.

మా లెక్కలో అది సంతకం.

కీమో గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. వరసగా మూడు రోజులు సీసాలు ఎక్కించడం, ఇంటికి పంపడం, కాస్త తేరుకునేసరికి మళ్ళీ పిలవడం. అన్నం ఇత్తడి గిన్నెలో మర్చిపోయిన పులుసులా ఉండేది. చేపల వాసన వీధి మొదట్లో ఉండగానే తెలిసిపోయి కడుపు తిప్పేది. పాపం అప్ప, మా గుమ్మం ముందు గంప దింపడం మానేసింది. గంప పక్కింటి అరుగు మీద పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి కూచునేది. జుట్టంతా రాలిపోయాక మొదటిసారి చూసి, కళ్ళు తుడుచుకోవడం మానేసి నవ్వడం మొదలెట్టింది.

"సింహాచలం ఎల్లకండానే గుండు కొట్టించీసుకున్నావ్ గదే! అప్పన్న బాబుకి రావాల్సింది ఎవులికిచ్చీసావ్?"

"డాక్టరు బాబుకిచ్చీసాను."

"ఈడేటి పెసాదం పెడతన్నాడు మరి?"

"వాంతులు."

"సాల్లే. బతికితే అప్పన్నకి మళ్ళీ పెంచి ఇద్దూగాని. ఆయనా ఆగుతాడు."

ఈలోగా కొట్లో వేరే కథ నడుస్తోంది. మా ఆయన పోర్టుకి సెలవు పెట్టి గల్లా దగ్గర కూచున్నారు. ఆయనకి తెలిసిన నిజాయితీ ఆయనది. ఏ వస్తువుకైనా ఆఖరి ధర ముందే చెప్పేసేవారు. నేను ఎంతో రాయబారం నడిపాక దిగే ధర అది. ఒక్కళ్ళూ కొనలేదు. నేను వెనక గదిలో మంచం మీద పడుకుని వింటూ ఉండేదాన్ని.

"ఎంత బావా ఈ బిందె?"

ఆయన చెప్పేవారు.

"తగ్గించు."

"అదేనండి ఆఖరు. ముందే తగ్గించేశానండి."

"నాను అడక్కండా తగ్గించీడవేటి? నాను అడిగినాక ఏం తగ్గిస్తావ్ మరి?"

"తగ్గడానికి లేదండి."

"ఏటి బావా, బిందెకి సొట్టేవైనా ఉందా?" అని బిందె అటూ ఇటూ తిప్పి చూసి, అనుమానంగా వెళ్ళిపోయేవాళ్ళు. ఈయన పిలిచేవారు కాదు. పిలవడానికి ఏమీ లేదు కదా! ఓ రోజు భరించలేక, గుండు మీద కొంగు లాక్కుని గోడ పట్టుకుని ముందుకొచ్చాను. "ఓ మరిదీ, ఇలగ్రా! మీ బావకి ధరలు తెలీవు, నాను చెప్తాను కూకో" అని, ఈయన చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పి, వాదించి, అలిసి, చివరికి ఈయన చెప్పిన ధరకే ఇచ్చాను. అతను నవ్వుకుంటూ పట్టుకెళ్ళాడు. ఆ పూట అన్నానికి రుచి తెలిసింది.

మందులన్నీ అయ్యాక తీసిన స్కానింగులో గడ్డ బాగా కరిగిపోయింది. ఒంట్లో ఇంకెక్కడా ఏమీ కనపడలేదు. డాక్టరు మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. వెలుగు కనపడితే అడక్కుండా ఉండగలనా?

"ఇంత తగ్గింది కదండీ. ఇంకా తీయాలా?"

"తీయాలమ్మా."

"మీ ఆఖరి మాట చెప్పండి."

"మొదటి మాటే."

"అయితే కానివ్వండి" అన్నాను. వెనక నుంచి మా ఆయన "ఆయ్, మంచిదండి" అన్నారు. అలవాటు.

కోతకి ముందురోజు ఒక నర్సమ్మ వచ్చింది. పొట్ట మీద ఆ దారి ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టడం ఆమె పని. నన్ను పడుకోబెట్టి, బొడ్డుకి కుడిపక్కన నీలం సిరా పెన్నుతో చుక్క పెట్టింది.

అప్పుడు తెలిసింది నాకు, ఈ బేరంలో ఇంకా తెగని ముక్క ఒకటుందని.

"ఇక్కడ వద్దమ్మా. సరిగ్గా నా లంగా బొందు వచ్చే చోటు. సంచి నలిగిపోద్ది."

"అయితే కాస్త కిందకా?"

"కిందకైతే నాను బాసింపట్టేసుకుంటే మడతలోకి పోద్ది. ఉండు, కూకుని చూపిస్తాను."

మంచం మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాను. ఎదురుగా తక్కెడ ఉన్నట్టు వంగాను. పక్కకి బిందె లాగినట్టు తిరిగాను. చీర కట్టి చూపించాను. కుచ్చెళ్ళు ఎక్కడ పడతాయో, కొంగు ఎక్కడ నుంచి వెళ్తుందో చెప్పాను. ఆమె చుక్క చెరిపింది, పెట్టింది, మళ్ళీ చెరిపింది. "ఇంకో వేలెడు పైకి." "అంత కుదరదండీ, సార్ ఒప్పుకోరు." "అరవేలు." "సరే, అరవేలు." "కాస్త ఇటు." "ఇంతేనండీ, ఇంకంతే!" ఆమె పెన్ను మూత పెట్టేసి లేచి తలుపు దాకా వెళ్ళింది. నేను పిలిచాను. ఆమె వెనక్కి వచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది నాకు.

సాయంత్రం డాక్టరు వచ్చి ఆ చుక్క చూశాడు. నన్ను కూచోమన్నాడు, వంగమన్నాడు. "చాలా మంచి చోటు పెట్టారే" అని నర్సమ్మని మెచ్చుకున్నాడు. ఆ పిల్ల నా వైపు చూసి కిసుక్కున నవ్వింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను గెలిచిన బేరం అదొక్కటే, అరవేలు. కానీ రోజంతా కొట్లో కూచునే మనిషికి ఆ అరవేలు ఎంత రాజ్యమో ఇప్పుడు నాకు తెలుసు.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. నిద్రపోయాను, లేచాను, మా ఆయన పక్కన నిలబడి ఉన్నారు. తీసిన మూత్రాశయాన్ని పరీక్షకి పంపారు. ఆ జవాబు వచ్చిన రోజు డాక్టరు చేతిలో కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"అమ్మా, తీసినదాంట్లో క్యాన్సర్ ఏమీ మిగల్లేదు. అంతా మందుకే పోయింది."

నేను చెయ్యి చాచాను.

"ఏమీ లేనిదాన్నా తీసేశారు? అయితే తిరిగిచ్చేయండి."

ఆయన నవ్వాడు. పక్క మంచం వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. "ఏమీ మిగలకూడదనే కదమ్మా ఇన్నాళ్ళూ పడ్డ పాట్లు. తీశాం కాబట్టే ఆ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను" అన్నాడు. మా ఆయన కాగితం తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. ఈసారి మళ్ళీ తీసి చూడలేదు.

సంచి అలవాటవడానికి టైము పట్టింది. మొదట్లో ఒకసారి కొట్లోనే అంటు ఊడి చీరంతా తడిసింది. లోపలికెళ్ళి కడుక్కుని, చీర మార్చుకుని వచ్చేసరికి బేరంలో ఉన్న ఆవిడ ఇంకా అక్కడే ఉంది, అదే గిన్నె పట్టుకుని. "వెళ్ళిపోతారనుకున్నాను" అన్నాను. "తగ్గించకండా ఎలా ఎల్తాను?" అంది. ఆవిడకి మొక్కాలనిపించింది, తగ్గించలేదు గానీ.

ఇప్పుడు "సంచి తెచ్చుకున్నారా?" అని దబాయించడం మళ్ళీ మొదలెట్టాను. "మర్చిపోయానండీ" అన్నవాళ్ళతో, "నన్ను చూడండి, నేనెప్పుడైనా మర్చిపోయానా?" అంటాను. తెలిసినవాళ్ళు నవ్వుతారు. తెలియనివాళ్ళు నా చేతుల కేసి చూస్తారు. జుట్టు మళ్ళీ పెరిగింది, అప్పన్నకి ఇచ్చాను, మళ్ళీ పెరుగుతోంది. అప్ప గంప మా గుమ్మం ముందే దింపుతోంది. మొన్న వంజరం ముక్క దగ్గర మాటామాటా పెరిగి, ఆవిడ గంప ఎత్తుకుని మలుపు దాకా వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. చివరికి ఆవిడే మలుపు దగ్గర నిలబడి వీధంతా వినపడేలా అరిచింది: "ఓలమ్మో! అంత జబ్బూ వచ్చినా దీని నోరు సచ్చిపోలేదు, రా, ఇలగ్రా, పట్టుకెల్లు!"

ఈమధ్యే చెకప్పుకి వెళ్ళాను. మొదట్లో తరచూ పిలిచేవారు, తరవాత తరవాత ఎడం పెరిగింది. స్కానింగులన్నీ చూసి డాక్టరు ఫైలు మూసేశాడు. ఎక్కడా ఏమీ లేదన్నాడు. ఇంక ఏడాదికి ఒకసారి వస్తే చాలన్నాడు.

"రెండేళ్ళకి రానా?"

"ఏడాది."

"ఏడాదిన్నర."

"ఏడాది అమ్మా" అన్నాడు, నవ్వుతూనే.

లేచి, దణ్ణం పెట్టి, తలుపు తీసుకుని బయటికొచ్చాను. కాళ్ళు తేలిపోతున్నాయి. ఆ వాలు మీద ఈసారి నత్తలా నడవలేదు, చకచకా దిగాను. సగం దిగానో లేదో, వెనక నుంచి గట్టిగా పిలుపు.

"అమ్మా! ఆగండి, అమ్మా!"

డాక్టరు గొంతు. ఆగిపోయాను. స్కానింగులో ఏదో చూడటం మర్చిపోయాడు. ఇప్పుడు కనపడింది. పక్కనున్న మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మెల్లిగా వెనక్కి తిరిగాను.

డాక్టరు గుమ్మం దాటి బయటికొచ్చి నిలబడ్డాడు. చేతిలో నా గొడుగు ఉంది.

ఒట్టు. ఈసారి నిజంగానే మర్చిపోయాను.

"ఇదిక్కడ వదిలేస్తే మళ్ళీ ఏడాదికి గానీ చేతికి రాదు కదా" అన్నాడు.

నేను వెంటనే కదల్లేదు. మా పద్ధతి ప్రకారం మొదటి పిలుపుకే వెనక్కి వెళ్ళకూడదు. మొహం అటు తిప్పుకుని, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంకాస్త ముందుకి నడిచాను. కళ్ళు తుడుచుకోవడానికి ఆపాటి వ్యవధి కావాలి కదా! ఆయన మళ్ళీ పిలిచాడు.

అప్పుడు తిరిగాను.